పెద్దలకూ కావాలి ఒక వేసవి శిబిరం

ఏప్రిల్ నెలాఖరున పాఠశాలలకు సెలవులు ఇవ్వగానే పెందుర్తి కూడలి మొదలు గోపాలపట్నం వరకు గోడల మీద వేసవి శిక్షణ శిబిరాల ప్రకటనలు వెలుస్తాయి. ఈత, చిత్రలేఖనం, సంగీతం, కరాటే, చదరంగం ఇలా ఎన్నో. తల్లిదండ్రులు రుసుము చెల్లించి, ఉదయమే పిల్లలను అక్కడ దింపి, వేళకు తిరిగి తెచ్చుకుంటారు. నెల తిరిగేసరికి పిల్లవాడు నాలుగు పాటలు, నలుగురు స్నేహితులు, మోకాలి మీద ఒక గీరుడు సంపాదించుకొని వస్తాడు. ముఖంలో కాంతి ఉంటుంది. ఆకలి వేస్తుంది. పడుకోగానే నిద్ర పడుతుంది.

శిబిరం గుమ్మం వద్ద స్కూటరు ఆపుకొని నిలబడే తండ్రి సంగతి వేరు. ఆయనకు నలభై అయిదేళ్ళు. రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నాడు. నిద్ర అర్ధరాత్రి దాటితే గాని రాదు. వెనుక కూర్చున్న ఇల్లాలికి నడుము నొప్పి, తలనొప్పి, కారణం తెలియని విసుగు. ఆకలి, నిద్ర, ఉత్సాహం అనే మూడు వరాలూ పిల్లవాడికి నెల రోజులలో దొరకగా, తల్లిదండ్రులకు ఏళ్ళ తరబడి ఎందుకు దొరకడం లేదు? వాటిని మన ఇంటిలోనే, మన ఊరిలోనే, ఖర్చు లేకుండా తిరిగి తెచ్చుకొనే మార్గం ఉన్నదా? ఆయుర్వేద దృష్టితో ఈ విషయాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

శిబిరం ఎలా పుట్టింది?

పిల్లలను సెలవులలో ఆరుబయట ఉంచి ఆటపాటలతో గడిపించే పద్ధతి అమెరికాలో 1861లో ఫ్రెడరిక్ విలియం గన్ అనే ఉపాధ్యాయునితో ఆరంభమైనదని చెబుతారు. కనెక్టికట్ రాష్ట్రంలో ఆయన తన విద్యార్థులను వెంటబెట్టుకొని నడిపించి, జలతీరాన గుడారాలు వేయించి, కొన్నాళ్ళు అక్కడే ఉంచాడు. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో కొద్దిమంది బాలురతో నడిపిన శిబిరం నుండి స్కౌటు ఉద్యమం పుట్టింది. ఆ బాలురలో ధనికుల పిల్లలూ, కార్మికుల పిల్లలూ కలిసి ఉన్నారు. అందరికీ ఒకే పని, ఒకే ఆట, ఒకే భోజనం.

ఈ రెండింటిలోనూ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ శిబిరాలు నడిపినవారు పెద్దలే. గుడారం వేసినది, మంట చుట్టూ కూర్చొని కథ చెప్పినది పిల్లలతోపాటు పెద్దలు కూడా. నేటి శిబిరాలలో పెద్దల పాత్ర రుసుము చెల్లించడానికీ, వాహనం నడపడానికీ పరిమితమైపోయింది. నష్టం అక్కడే మొదలవుతున్నది.

అన్నయ్య, అక్కయ్య

మన తెలుగువారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఒకటున్నది. 1905లో బరంపురంలో జన్మించిన న్యాయపతి రాఘవరావు గారు, 1908లో విజయనగరంలో జన్మించిన ఆయన సహధర్మచారిణి కామేశ్వరి గారు మద్రాసు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమం నడిపి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ప్రసిద్ధి చెందారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. 1945లో 'బాల' పత్రికను ప్రారంభించారు. ఆ తరువాత హైదరాబాదులోనూ వేలాది పిల్లలకు ఆటలు, పాటలు, నాటికలు నేర్పారు. కామేశ్వరి గారు 1980లో, రాఘవరావు గారు 1984లో కీర్తిశేషులయ్యారు.

డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత కూడా రాఘవరావు గారు లోకానికి అన్నయ్యగానే ఉన్నారు, తాతయ్య కాలేదు. ఆ దంపతులు పిల్లలకు ఆటలు ఏర్పాటు చేసి పక్కకు తప్పుకొన్నవారు కారు. ఆటలో తామూ ఒకరైనారు. బాధ్యతాయుతమైన ఉద్యోగం, సంస్థ నిర్వహణ, పత్రిక సంపాదకత్వం ఇవన్నీ ఆటతోపాటే నడిచాయి. గాంభీర్యం ఉంటేనే పెద్దరికం నిలుస్తుందనే భావన సరికాదని వారి జీవితం చెబుతున్నది.

పెందుర్తి మీదుగా పోయే దారి అరకు లోయకు చేరుతుంది. అక్కడి గిరిజనులు చేయిచేయి కలిపి థింసా ఆడేటప్పుడు పడుచువారు, నడివయస్కులు, వృద్ధులు ఒకే వరుసలో ఉంటారు. ఉత్తరాంధ్ర పల్లెలలో గుండెల మీద రేకు వాద్యం కట్టుకొని, కాళ్ళకు గజ్జెలతో గెంతుతూ తప్పెటగుళ్ళు ఆడేవారు కూడా పెద్దవారే. ఇక కోలాటం సంగతి చెప్పనక్కరలేదు. పెద్దలు ఆడటం మన ప్రాంతానికి కొత్త కాదు. పట్టణపు మధ్యతరగతి ఇళ్ళలో మాత్రమే అది మాయమైంది.

ఆయుర్వేదం ఏమంటున్నది?

బాల్యంలో కఫం, యౌవన మధ్య వయస్సులలో పిత్తం, వార్ధక్యంలో వాతం ప్రబలంగా ఉంటాయని మన శాస్త్రం చెబుతున్నది. పిత్తం సమంగా ఉన్నంతవరకు చురుకుదనాన్నీ, కార్యదీక్షనూ ఇస్తుంది. ప్రకోపించితే కోపం, అసహనం, కడుపులో మంట, నిద్రలేమి కలిగిస్తుంది. నడివయస్కుని జీవితాన్ని గమనించండి. ప్రతి పనికీ గడువు, ప్రతి సంభాషణకూ ప్రయోజనం, ప్రతి రూపాయికీ లెక్క. ఇవన్నీ పిత్తాన్ని పెంచేవే. దానిని చల్లార్చే సాధనాలలో ఆహారం ఒకటైతే ఆహ్లాదం మరొకటి.

చరక సంహిత సూత్రస్థానం ఇరవై అయిదవ అధ్యాయంలో ఆయా పనులు చేయడంలో శ్రేష్ఠమైన వాటి పట్టిక ఒకటి ఉన్నది. అందులో శరీరానికి తృప్తిని కలిగించే వాటిలో హర్షాన్ని, అలసటను పోగొట్టే వాటిలో స్నానాన్ని, శరీరాన్ని శోషింపజేసే వాటిలో శోకాన్ని, రోగాన్ని పెంచే వాటిలో విషాదాన్ని మొదటి స్థానంలో నిలిపాడు ఆచార్యుడు. పాలు, నెయ్యి, ఔషధాల వంటి వాటితోపాటు ఒకే పట్టికలో సంతోషాన్ని కూడా చేర్చడం ఆలోచించదగినది. శాస్త్రదృష్టిలో సంతోషం ఆహారం వలెనే శరీరం మీద పనిచేసే ద్రవ్యం. అది లోపించితే పోషణ లోపించినట్లే.

అయితే ఏ సంతోషమైనా పనికివస్తుందని దీని అర్థం కాదు. సద్వృత్తాన్ని బోధించేటప్పుడు మద్యం, జూదం వంటి వ్యసనాలలో ఆసక్తి కూడదని అదే గ్రంథం హెచ్చరించింది. డబ్బు పెట్టి ఆడే పేకాట పేరుకు ఆట, ఫలితంలో ఆందోళన. అలాగే ఆట చూడటం వేరు, ఆడటం వేరు. క్రికెట్ పోటీని టీవీలో నాలుగు గంటలు చూసినవాని కండరాలు కదలవు, ఊపిరితిత్తులు విప్పారవు. చేతిలోని ఫోనులో ఒంటరిగా ఆడే ఆటకు కూడా ఇదే వర్తిస్తుంది. శరీరం కదలాలి, తోడు ఉండాలి, ఫలితం గురించి బెంగ ఉండకూడదు. ఈ మూడు లక్షణాలు కలిసినదే మనం ఇక్కడ ఆట అనుకొంటున్నాం.

పాశ్చాత్య పండితులలో కూడా ఈ విచారణ జరిగింది. డచ్చి చరిత్రకారుడు యోహాన్ హయిజింగా 1938లో ప్రచురించిన గ్రంథంలో మానవ సంస్కృతికి ఆటయే మూలమని ప్రతిపాదించాడు. 1995 మార్చి 13న ముంబైలో డాక్టర్ మదన్ కటారియా కొద్దిమందితో ఒక ఉద్యానవనంలో ఆరంభించిన నవ్వుల సంఘం తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. ఐక్యరాజ్యసమితి 2024లో జూన్ 11వ తేదీని అంతర్జాతీయ క్రీడావినోద దినంగా ప్రకటించింది. ఆ ప్రకటన ముఖ్యంగా బాలల కొరకే అయినా, పెద్దలు ఆడని ఇంటిలో పిల్లల ఆట ఎంతకాలం నిలుస్తుంది?

ఉక్కునగరపు జీవితం

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఈ మహాపరిశ్రమల చుట్టూ అల్లుకొన్న నగరానికి పెందుర్తి ఒక అంచు. ఇక్కడి నుండి ఎందరో ఉద్యోగులు రోజూ దూరప్రయాణం చేసి పనికి పోతారు. వారిలో షిఫ్టు ఉద్యోగులు చాలామంది. ఊదుకొలిమి రాత్రి ఆగదు గనుక మనిషి కూడా మేలుకొనక తప్పదు.

రాత్రి జాగరణ శరీరంలో రూక్షత్వాన్ని, అనగా పొడితనాన్ని పెంచి వాతాన్ని ప్రకోపింపజేస్తుందని శాస్త్రవచనం. జాగరణ తప్పనివారికి వాగ్భటుడు ఒక ఉపాయం చెప్పాడు. మేలుకొన్న కాలంలో సగం కాలాన్ని మరునాటి ఉదయం ఆహారం తీసుకొనకముందే నిద్రకు కేటాయించాలి. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవారు కడుపునిండా ఇడ్లీలు తిని పడుకోవడం కంటే, పలుచని మజ్జిగ మాత్రం త్రాగి, గది చీకటి చేసుకొని నిద్రించి, లేచిన పిమ్మట భోజనం చేయడం మేలు. రోజు మొత్తం మీద ఏడు గంటల నిద్రకు తక్కువ కాకుండా చూసుకోవాలి. మిగిలిన నిద్రను మధ్యాహ్నం పూర్తిచేసుకోవచ్చు. నిద్ర తీరనివాడికి ఆట కూడా శ్రమే అవుతుంది. కనుక మన శిబిరంలో మొదటి పాఠం నిద్ర.

రెండవది వాతావరణం. విశాఖలో గాలిలోని తేమ వలన చెమట త్వరగా ఆరదు. చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. అందుచేత ఉష్ణమాపకంలో అంకె అంత ఎక్కువగా లేకపోయినా ఇక్కడి వేసవి శరీరాన్ని త్వరగా అలసటకు గురిచేస్తుంది. తీరాన ఉన్నంత గాలి పెందుర్తి వైపు ఉండదు. గ్రీష్మంలో వ్యాయామం, ఎండ, ఉప్పు, పులుపు, కారాలను విడువమని, రాత్రివేళ మేడమీద వెన్నెలలో విశ్రమించమని వాగ్భటుడు చెప్పాడు. పిల్లల శిబిరమైనా, పెద్దల ఆటైనా మే నెలలో ఉదయం ఎనిమిది గంటల తరువాత, సాయంత్రం అయిదున్నరకు ముందు ఆరుబయట సాగరాదు.

ఎంత ఆడాలి?

వ్యాయామం తన బలంలో సగం వరకే చేయాలన్నది ఆయుర్వేద నియమం. బలం కలిగి, నేయి నూనెలతో కూడిన ఆహారం తీసుకొనేవారు కూడా శీతకాలంలోను, వసంతంలోను అర్ధబలం మేరకు, మిగిలిన ఋతువులలో అంతకంటే తక్కువగా చేయాలి. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండటం, ముక్కుతో చాలక నోటితో గాలి పీల్చవలసి రావడం అర్ధబలం పూర్తి అయిందనడానికి గుర్తులు. అక్కడ ఆగాలి. అతిగా చేస్తే దప్పిక, క్షీణత, దగ్గు, జ్వరం, వాంతి వంటివి కలుగుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను సూచించాయి. 65 ఏళ్ళు దాటినవారు శరీర సమతౌల్యాన్ని పెంచే కదలికలను వారానికి 3 రోజులు చేయాలన్నాయి. మధ్యస్థ శ్రమను గుర్తించడం తేలిక. ఆ సమయంలో మాట్లాడగలుగుతాము గాని పాట పాడలేము. వారంలో 5 రోజులు 20 నిమిషాల చొప్పున, ఆదివారం 50 నిమిషాలు చురుకుగా ఆడితే 150 నిమిషాలు పూర్తి అవుతాయి.

వృద్ధులు, అజీర్ణంతో బాధపడేవారు వ్యాయామం మానవలెనని శాస్త్రంలో ఉన్నది కదా అని పాఠకులు అడగవచ్చు. అక్కడ నిషేధించినది కఠిన వ్యాయామాన్ని. గోడ ఆసరాతో ఒంటికాలిపై నిలవడం, కూర్చొని కోలాటపు కర్రలు తట్టడం వంటి మృదువైన కదలికలు ఆ నిషేధంలోకి రావు.

ఇంటి శిబిరానికి ఆరు నియమాలు

1. వేళ. వారంలో ఒక రోజు, ఒకే గంట. షిఫ్టు మారే ఇళ్ళలో వారం వారం ముందుగా నిర్ణయించుకొని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. తీరిక దొరికినప్పుడు ఆడుదామనుకొంటే ఆ తీరిక ఎన్నటికీ దొరకదు.

2. లెక్క లేదు. ఎన్ని అడుగులు, ఎన్ని కేలరీలు, ఎవరు గెలిచారు అన్న లెక్కలు ఈ గంటలో వద్దు. ఉద్యోగంలో రోజంతా లెక్కలే. బరువు తగ్గడం కోసమే ఆడేవాడు బరువు తగ్గకపోతే మానేస్తాడు. సరదా కోసం ఆడేవాడు కొనసాగిస్తాడు.

3. కొత్తదనం. నెలకు ఒకటైనా మీకు రానిది నేర్చుకోవాలి. ఈల వేయడం, గాలిపటం కట్టడం, కోలాటంలో ఒక అడుగు ఏదైనా సరే. నేర్పేది మీ పిల్లలే అయితే ఇంకా మంచిది. రాని పనిని నలుగురిలో చేసి నవ్వగలిగినవాడికి అహంకారం సడలుతుంది, దానితో కోపమూ తగ్గుతుంది.

4. తోడు. ఇంటివారితోపాటు ఇరుగుపొరుగును పిలవాలి. అపార్టుమెంటు మేడపై నాలుగు కుటుంబాలు కలిస్తే చాలు. ఉద్యోగ విరమణ చేసినవారికి ఇది ఔషధంతో సమానం. ముప్పై ఏళ్ళు కర్మాగారంలో వందల మంది మధ్య గడిపి, ఒక్కసారిగా వరండాలోని కుర్చీకి పరిమితమైనవారు మన వీధులలో ఎందరో ఉన్నారు.

5. వంతు. ఇది అన్నిటికంటే ముఖ్యం. శిబిరంలో పిల్లలకు ఆనందం ఎందుకు? అక్కడ వంట, పాత్రల శుభ్రత ఒక్కరి తలపైనే పడవు. ఇంటిలో అందరూ ఆడుతుండగా ఇల్లాలు మాత్రం పానకం కలుపుతూ, గ్లాసులు కడుగుతూ ఉంటే అది ఆమెకు మరో చాకిరీ అవుతుంది. మజ్జిగ చిలకడం, చాపలు పరవడం, గ్లాసులు కడగడం వంతులవారీగా జరగాలి. ఆమె ఆటలో కూర్చున్న తరువాతే ఆట మొదలు కావాలి.

6. ముగింపు. చివరి పది నిమిషాలు వలయంగా కూర్చొని ఒక పాటో, ఒక కథో, ఇంట్లో పెద్దవారి చిన్ననాటి ముచ్చటో వినాలి. ఆ తరువాత గోరువెచ్చని లేదా చల్లని నీటితో స్నానం చేసి, తేలికైన ఆహారం తీసుకొని, పెందలాడే నిద్రకు ఉపక్రమించాలి.

ఎవరికి ఏ ఆట?

వాత ప్రకృతి కలవారు సన్నగా, చంచలంగా, త్వరగా అలసిపోతూ ఉంటారు. వీరికి లయబద్ధమైన, నెమ్మదైన ఆటలు హితం. మెల్లని కోలాటం, ఉయ్యాల, చింతపిక్కలతో వామనగుంటలు, బృందగానం మంచివి. ఆటకు ముందు తలకు, చెవులకు, పాదాలకు కాస్త నువ్వుల నూనె రాసుకోవాలి.

పిత్త ప్రకృతి వారికి గెలవాలనే పట్టుదల ఎక్కువ. వీరు పోటీ లేని ఆటలను ఎంచుకోవాలి. వెన్నెలలో నడక, గాలిపటం, ఈత, మట్టితో బొమ్మలు చేయడం, మొక్కలు నాటడం అనుకూలం. ఒకవేళ పులి మేక ఆడితే ఓడిన తరువాత నవ్వగలగడమే వీరికి చికిత్స.

కఫ ప్రకృతి వారు స్థూలంగా, నిదానంగా ఉంటారు. కూర్చొని ఆడే ఆటలు వీరికి తగవు. ఏడుపెంకులాట, తొక్కుడుబిళ్ళ, తాడు దూకడం, చెడుగుడు చూచాయగానైనా ఆడాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు దూకడం మాని, బంతిని విసిరి పట్టుకొనే ఆటలు ఆడవచ్చు.

మూడు ప్రకృతులవారూ ఒకే ఇంటిలో ఉండటం సహజం. అప్పుడు మొదటి సగం కదిలే ఆట, రెండవ సగం కూర్చొని ఆడే ఆట పెట్టుకొంటే అందరికీ సరిపోతుంది. అష్టాచెమ్మాలో గవ్వలు పదేళ్ళ మనుమరాలికీ, డెబ్బై ఏళ్ళ తాతగారికీ ఒకే న్యాయం చేస్తాయి.

నాలుగు వారాల అభ్యాసం

మొదటి వారం: ఇంటిలోని పెద్దలు ఒక్కొక్కరు తమ చిన్ననాటి ఆట ఒకటి చెప్పాలి. దాని నియమాలు పిల్లలు ఒక పుస్తకంలో వ్రాయాలి. రోజూ సాయంత్రం 10 నిమిషాలు వీధిలో నడక.

రెండవ వారం: వ్రాసుకొన్న వాటిలో రెండు ఆటలు ఆడాలి. నడక 15 నిమిషాలకు పెంచాలి. రాత్రి భోజనవేళ టీవీ, ఫోను పక్కన పెట్టాలి.

మూడవ వారం: పొరుగు కుటుంబాన్ని ఆహ్వానించాలి. నడక 20 నిమిషాలు. పౌర్ణమి దగ్గర పడితే మేడమీద వెన్నెలలో భోజనం చేయాలి. పిల్లలకు వెన్నెల కుప్పలు నేర్పాలి.

నాలుగవ వారం: తెల్లవారుజామున ఒక చిన్న విహారం. సింహాచలం మెట్లు కొన్ని ఎక్కి దిగవచ్చు, లేదా సముద్రతీరంలో ఇసుక మీద నడవవచ్చు. ఆషాఢ పౌర్ణమికి సింహగిరి చుట్టూ జరిగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు పోదలచినవారు కూడా ఇలా క్రమంగా నడక పెంచుకొంటూ పోవాలే గాని, ఏడాదంతా కూర్చొని ఆ ఒక్కరోజు ఒకేసారి నడవరాదు.

జూన్ రెండవ వారంలో పాఠశాలలు తెరిచిన తరువాత కూడా ఆదివారపు గంటను వదలకూడదు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది.

ఆటకు అనుపానాలు

సుగంధిపాల పానీయం: ఒక చెంచా సుగంధిపాల వేళ్ళను కచ్చాపచ్చాగా దంచి రెండు గ్లాసుల నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడగట్టి, పటికబెల్లం కలిపి త్రాగాలి. దాహాన్ని, మంటను తగ్గిస్తుంది.

ధనియాల హిమం: ఒక వంతు ధనియాల పొడికి ఆరు వంతుల నీరు చేర్చి రాత్రి మట్టిపాత్రలో ఉంచి, ఉదయం వడగట్టాలి. మధుమేహం ఉన్నవారు తీపి కలపకుండా త్రాగవచ్చు.

చోడి అంబలి: రాత్రి కాచి ఉంచిన చోడి అంబలిలో ఉదయం పలుచని మజ్జిగ, చిన్న ఉల్లిపాయ ముక్కలు, కొద్దిగా జీలకర్ర కలపాలి. వేసవి ఉదయపు ఆట తరువాత ఇంతకంటే మంచి ఫలహారం లేదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించాలి.

కండరాల నొప్పికి: ఆట అనంతరం శరీరాన్ని సుఖంగా ఉండేటట్లు మెల్లగా మర్దించుకోవాలని శాస్త్రం చెప్పింది. గోరువెచ్చని నువ్వుల నూనెతో మర్దించి, వావిలాకు వేసి కాచిన నీటితో స్నానం చేస్తే నొప్పులు తగ్గుతాయి.

బెణుకులకు: మొదటి రెండు రోజులు చల్లని గుడ్డ వేసి, కాలు ఎత్తులో ఉంచి విశ్రాంతి ఇవ్వాలి. వెంటనే మర్దించరాదు, వేడి కాపడం పెట్టరాదు. వాపు తగ్గిన తరువాత వావిలాకు కాపడం పెట్టవచ్చు. కాలు మోపలేకపోతే ఎముక విరిగిందేమో వైద్యుని చేత పరీక్ష చేయించుకోవాలి.

తప్పనిసరి జాగ్రత్తలు

గుండెజబ్బు ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, చాలాకాలంగా కదలిక లేనివారు వైద్యుని సలహా తీసుకొని మొదలుపెట్టాలి. ఆటలో ఛాతీ బరువెక్కినా, ఎడమచేయి లేదా దవడ లాగినా, ఊపిరి అందకపోయినా వెంటనే ఆపి ఆసుపత్రికి చేరాలి. గ్యాస్ అనుకొని సోడా త్రాగి కాలయాపన చేయరాదు. మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు బెల్లం ముక్కో, చక్కెరో దగ్గర ఉంచుకోవాలి. వణుకు, చల్లని చెమట, కళ్ళు తిరగడం కలిగితే నోటిలో వేసుకోవాలి.

ఎండలో మనిషి తడబడుతూ మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, ఒంటిని నీటితో తడిపి, విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోటిలో నీరు పోయరాదు.

మరొక మాట. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రాహారాలు తప్పడం, బ్రతుకు వ్యర్థమనిపించడం జరిగితే అది ఆటతో మాత్రమే పోయే దిగులు కాదు. అది రోగం, దానికి వైద్యం ఉన్నది. వైద్యుని కలవడానికి సంకోచం పనికిరాదు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 సంఖ్యకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పునశ్చరణ

పాఠకులు ఈ అయిదు ప్రశ్నలకు తమకు తామే సమాధానం చెప్పుకోవాలి.

గత నెలలో మీరు కళ్ళలో నీళ్ళు వచ్చేటట్లు నవ్వినది ఎప్పుడు?

ప్రయోజనం ఆశించకుండా మీరు చివరిసారి చేసిన పని ఏది?

మీ జీవిత భాగస్వామి చిన్ననాడు ఏ ఆటలో నేర్పరియో మీకు తెలుసునా?

మీ ఇంటిలో అందరూ ఆడుతున్న వేళ వంటగదిలో మిగిలిపోయేది ఎవరు?

అర్ధబలానికి గుర్తులు ఏవి?

మొదటి నాలుగు ప్రశ్నలకు సమాధానం తడుముకోవలసి వస్తే, వచ్చే ఆదివారం నుండే మీ ఇంటి శిబిరం ప్రారంభం కావాలి. దీనికి రుసుము లేదు, దరఖాస్తు లేదు. పరవడానికి ఒక చాప, గుప్పెడు చింతపిక్కలు, కుండెడు మజ్జిగ, పిలిస్తే వచ్చే ఇరుగుపొరుగు ఉంటే చాలు.